సెల్ఫు తిరుగని ట్రాక్టరు: చార్జింగు లోపమును కనుగొను విధానము

తెల్లవారుజామున పారిశుద్ధ్యపు పనివారు చెత్త ట్రాలీ వద్దకు చేరుదురు. డ్రైవరు తాళము త్రిప్పును. సెల్ఫు ఒక్క మారు మూలిగి ఊరకుండును. నలుగురు చేయి వేసి త్రోయగా ఇంజను మేల్కొనును. ఆ దినము మొదలుకొని డ్రైవరు ట్రాక్టరును వాలు నేలపై నిలుపుట అలవాటు చేసికొనును. ఉదయమున బ్రేకు వదలి, గేరు వేసి, దొర్లించి నడుపవచ్చునని అతని యోచన. కొన్ని దినములకు సంగతి పంచాయతీ సమావేశమునకు వచ్చును. బ్యాటరీ పోయినది గావున క్రొత్తది కొనవలెనని తీర్మానము జరుగును. క్రొత్త బ్యాటరీ వచ్చును. నాలుగు మాసములు గడచునప్పటికి ట్రాక్టరు మరల ఆ వాలు మీదనే నిలిచియుండును.

ఇట్టి దృశ్యము అనేక గ్రామములలో కాననగును. ఇందలి పొరపాటు చిన్నది. దాని ఖర్చు మాత్రము పెద్దది. బ్యాటరీ ధాన్యపు గాదె వంటిది. గాదె నిండకున్న యెడల గాదెను మార్చుట వలన ప్రయోజనమేమి? ధాన్యము పొలమునుండి రాలేదా, త్రోవలో కారిపోయినదా, వచ్చిన దానికంటె వాడుక హెచ్చైనదా అని విచారింపవలెను. ట్రాక్టరు విషయమునను ఈ మూడు ప్రశ్నలే వేయవలసియున్నది.

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము ద్వారా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త ఎత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును అవి నిత్యము తిరుగుచున్నవి. ట్రాక్టరు లేని చోట్ల రైతుల వద్దనున్న పాత ట్రాక్టర్లను బాడుగకు తీసికొనుటయు కలదు. ఎవరి బండియైనను, చార్జింగు బలహీనమైనచో నష్టము ధనముతో ముగియదు. చీకటి పడిన పిదప దీపములు మినుకుమినుకుమను ట్రాక్టరు, దాని వెనుక ఎర్రదీపమే లేని ట్రాలీ రోడ్డు మీద నిలిచినచో, వెనుక నుండి వచ్చు మోటారు సైకిలు వానికి అది కంటబడదు. వాలు మీద నిలిపిన ట్రాక్టరు ఎక్కి ఆడుకొను పిల్లలకు బ్రేకు సంగతి తెలియదు. కావున ఇది మెకానిక్కు ఒక్కనికే చెందిన విషయము కాదు. పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

సభ్యులు తామే పానా పట్టి మరమ్మతు చేయనక్కరలేదు. ఏ పరీక్ష తరువాత ఏ పరీక్ష జరుగవలెనో, ఏ అంకె వచ్చిన నేమి గ్రహింపవలెనో తెలిసినచో చాలును. అట్టి సభ్యుని యెదుట అనవసరపు బిల్లు నిలువజాలదు.

చార్జింగు పద్ధతి

ఇంజను తిరుగునప్పుడు ఒక బెల్టు చిన్న విద్యుద్యంత్రమును త్రిప్పును. ఆ యంత్రము పుట్టించిన విద్యుత్తు దీపములకు, హారనుకు పోగా, మిగిలినది బ్యాటరీలో చేరును. మరునాడు సెల్ఫు త్రిప్పుటకు ఆ నిల్వయే ఆధారము.

పాత ట్రాక్టర్లలో ఈ యంత్రము డైనమో. మన దేశమున 1959లో ఐషర్ వారి తొలి ట్రాక్టరు ఫరీదాబాదునందు తయారైన కాలమునకు డైనమోయే వాడుకలోనుండెను. అది కార్బను బ్రష్షుల ద్వారా ఏకముఖ విద్యుత్తు నిచ్చును. దానితోబాటు రెగ్యులేటరు పెట్టె యొకటి వేరుగా నుండును. ఆ పెట్టెలోని కటౌటు అను భాగము, ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ నుండి విద్యుత్తు వెనుకకు డైనమోలోనికి పారకుండ ఆపును. తరువాతి కాలపు ట్రాక్టర్లలో ఆల్టర్నేటరు వచ్చినది. ఇది పుట్టించు విద్యుత్తు దిశ మారుచుండును. లోపలి డయోడ్లు దానిని ఏకముఖముగా మార్చును. రెగ్యులేటరు సామాన్యముగా ఆల్టర్నేటరు లోపలనే యుండును.

ఈ రెంటికి నడుమ ముఖ్య భేదమొకటి గమనింపదగినది. డైనమో ఇంజను నిదానముగా తిరుగునప్పుడు దాదాపు ఏమియు నీయదు. ఆల్టర్నేటరు నిదానములోను కొంత యిచ్చును గాని పూర్తిగా నీయదు. వేగము పెరిగిన కొలదియే రాబడి పెరుగును.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

బ్యాటరీ చార్జి అగునప్పుడు మండు స్వభావము గల హైడ్రోజను వాయువు వెలువడును. దాని వద్ద బీడీ, అగ్గిపుల్ల, దీపము ఉండరాదు. లోపలి ఆమ్లము చేతిపై గాని కంటిలో గాని పడినచో వెంటనే ధారాళముగ నీటితో కడుగవలెను. కంటిలో పడినప్పుడు కడిగిన పిదప వైద్యుని చూడవలెను.

బ్యాటరీ తీగలు విప్పునప్పుడు ఎర్తు తీగను మొదట విప్పి, బిగించునప్పుడు దానిని కడపట బిగింపవలెను. మన ట్రాక్టర్లలో నెగటివు ఎర్తుయే సామాన్యము. ఐనను మిక్కిలి పాతవగు కొన్ని విదేశీ బండ్లలో పాజిటివు ఎర్తు కలదు. ఏ టెర్మినలు ఇంజను శరీరమునకు కలుపబడినదో కంటితో చూచిన పిదపనే చేయి వేయవలెను.

ఆల్టర్నేటరు గల బండిలో ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగను ఊడదీయరాదు. చార్జింగు ఉన్నదో లేదో చూచుటకై కొందరు ఇట్లు చేయుదురు. ఆ క్షణమున పెరిగిన వోల్టేజి వలన డయోడ్లు కాలిపోవును. ట్రాలీకి గాని ట్రాక్టరుకు గాని వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు తీగలను ముందుగ విప్పించవలెను. లారీలలో 24 వోల్టుల ఏర్పాటు ఉండుట సామాన్యము గనుక, 12 వోల్టుల ట్రాక్టరును లారీ బ్యాటరీతో స్టార్టు చేయ పూనుకొనరాదు.

మొదటి మెట్టు: బ్యాటరీ

పరీక్షకు సాధారణమైన మల్టీమీటరు చాలును. ఉదయమున, బండి కదలక ముందే, దీపములన్నియు ఆర్పి బ్యాటరీ రెండు టెర్మినళ్ల నడుమ వోల్టేజి చూడవలెను. 12.6 గాని అంతకు కొంచెము హెచ్చుగాని యున్నచో బ్యాటరీ నిండుగానున్నది. 12.2 ప్రాంతమున ఉన్నచో సగము ఖాళీ. 11.9కి దిగినచో దాదాపు ఖాళీయే. బండి ఆపిన వెంటనే చూచిన అంకె మోసపుచ్చును గావున కొన్ని గంటల విశ్రాంతి పిదపనే చూడవలెను.

మూతలు తీయదగిన బ్యాటరీయైనచో ఆరు గదులలోను నీటి మట్టము చూడవలెను. పలకలు మునిగి, వాటిపై 10 నుండి 15 మిల్లీమీటర్ల ఎత్తున ద్రవము నిలువవలెను. తగ్గినచో స్వేదనజలము, అనగా అంగడిలో దొరకు డిస్టిల్డు నీరు మాత్రమే పోయవలెను. బోరు నీటిలోను, కుళాయి నీటిలోను గల లవణములు పలకలను పాడుచేయును. ఆమ్లము తిరిగి పోయరాదు. తగ్గినది నీరే గాని ఆమ్లము కాదు. హైడ్రోమీటరుతో ఆరు గదులను పరీక్షించినప్పుడు ఐదు సమానముగా నుండి ఒకటి మాత్రము మిక్కిలి తక్కువైనచో ఆ గది చెడినది. అట్టి బ్యాటరీని మార్చవలసినదే. ఆరును సమానముగా తక్కువైనచో దోషము బ్యాటరీది కాదు, నింపుటలోనిది. ఈ ఒక్క భేదము తెలియక బాగున్న బ్యాటరీలను పారవేయుట జరుగుచున్నది.

తరువాత, స్టాపు నాబు లాగి, ఇంజను అందుకొనకుండ సెల్ఫును ఐదారు సెకండ్లు త్రిప్పుచు వోల్టేజి చూడవలెను. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ 9.6 వోల్టుల కంటె దిగువకు పడిపోయినచో అది బలహీనమైనది. బయటి చార్జరుతో పూర్తిగా నింపకుండ ఈ పరీక్ష చేసి తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఖాళీ బ్యాటరీ మంచిదైనను ఈ పరీక్షలో ఓడును.

రెండవ మెట్టు: తీగలు, కలుపులు

చార్జింగు లోపములలో పెక్కింటికి మూలము ఇచటనే దొరకును. మరమ్మతుకు ఖర్చు దాదాపు శూన్యము. బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లగనో పచ్చగనో పూసిన బూజు విద్యుత్తు త్రోవను మూయును. వంటసోడా కలిపిన నీటితో కడిగి, లగ్గులను విప్పి, లోపలి తట్టును ఉప్పుకాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయవలెను. కడుగునీరు గదులలోనికి పోకుండ మూతలు బిగించియుండవలెను.

ఎర్తు తీగను ఎక్కువమంది మరచిపోవుదురు. బ్యాటరీ నుండి చాసిస్‌కు, చాసిస్ నుండి ఇంజనుకు పోవు ఈ తీగ బోల్టు క్రింద తుప్పు గాని, క్రొత్తగ వేసిన రంగు గాని ఉన్నచో చార్జింగును అదియే అడ్డగించును. బండికి రంగులు వేయించిన పిదప చార్జింగు తగ్గినదన్న మాట వినబడినచో ముందుగ ఈ బోల్టును చూడవలెను.

కంటికి కనబడని అడ్డును మీటరు చూపును. ఇంజను తిరుగుచు, పెద్ద దీపములు వెలుగుచుండగా, మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివు టెర్మినలుపైనను, రెండవదానిని ఆల్టర్నేటరు శరీరముపై శుభ్రమైన లోహమునకును ఆనింపవలెను. 0.2 వోల్టునకు మించినచో ఎర్తు త్రోవలో అడ్డు కలదు. అటులనే ఆల్టర్నేటరు పెద్ద టెర్మినలునకును బ్యాటరీ పాజిటివు టెర్మినలునకును నడుమ చూడవలెను. అచ్చట 0.3 వోల్టునకు మించినచో ఆ తీగలోనో దాని కలుపులలోనో లోపము కలదు.

మూడవ మెట్టు: బెల్టు

ఇంజను ఆపి, రెండు పుల్లీల నడుమ దూరము ఎక్కువగా నున్న చోట బెల్టును బొటనవ్రేలితో అదుమవలెను. 10 నుండి 15 మిల్లీమీటర్లు మాత్రమే లోనికి పోవలెను. ఎక్కువ వదులైనచో జారును. మరీ బిగువైనచో బేరింగు అరుగును. బెల్టు పక్కలు అద్దమువలె నిగనిగలాడుచున్నను, పగుళ్లు కనబడుచున్నను మార్చవలెను. బెల్టు పుల్లీ గాడిలో పక్కలనానుకొని తిరుగవలెను. అరిగిపోయి గాడి అడుగునకు తాకినచో ఎంత బిగించినను జారుచునే యుండును. దీపములు వేయగానే కీచుమను శబ్దము వచ్చినచో బెల్టు జారుచున్నదని ఎరుగవలెను.

నాలుగవ మెట్టు: డ్యాష్‌బోర్డు చెప్పు మాట

ఆల్టర్నేటరు బండిలో తాళము త్రిప్పినప్పుడు ఎర్ర చార్జింగు దీపము వెలిగి, ఇంజను అందుకొన్న పిదప ఆరవలెను. దీపము అసలే వెలుగనిచో మంచిదేయని డ్రైవర్లు తలంచుట కలదు, అది పొరపాటు. పెక్కు నమూనాలలో ఆ చిన్న బల్బు ద్వారా పోవు కొద్దిపాటి విద్యుత్తే ఆల్టర్నేటరును మేల్కొల్పును. బల్బు కాలిపోయినచో ఆల్టర్నేటరు బాగున్నను పని మొదలిడదు. లేదా ఇంజనును గట్టిగా రేసు చేసిన తరువాతనే మొదలిడును. కొద్దిపాటి వెలగల బల్బు కాలిపోగా ఆల్టర్నేటరును మార్చినట్లు కాకూడదు.

ఇంజను తిరుగుచున్నను దీపము పూర్తిగా వెలుగుచునే యున్నచో చార్జింగు లేదు. మందముగా మిణుకుచున్నచో డయోడు లోపమో, కలుపులో అడ్డో ఉండవచ్చును.

పాత బండ్లలో దీపమునకు బదులు అమ్మీటరు ఉండును. స్టార్టు చేసిన వెంటనే ముల్లు చార్జింగు వైపునకు మొగ్గి, కొంతసేపటికి నడిమికి చేరువగా రావలెను. బ్యాటరీ నిండిన కొలది ముల్లు నడుమకు వచ్చుట గుణమే గాని దోషము కాదు. ఇంజను ఆపి, అన్నియు ఆర్పినను ముల్లు ఖర్చు వైపునకు మిక్కుటముగా మొగ్గియున్నచో కటౌటు అతుకుకొనిపోయినదని సందేహింపవలెను. అట్టి సమయమున వెంటనే బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను; లేనిచో తీగలు, డైనమో కాలును.

అయిదవ మెట్టు: నడచుచుండగా కొలత

ఇంజనును మధ్యమ వేగమున, సుమారు నిముషమునకు 1200 నుండి 1500 చుట్లుగా నడుపుచు బ్యాటరీ టెర్మినళ్ల నడుమ కొలువవలెను. 13.8 నుండి 14.4 వోల్టుల వరకు వచ్చినచో చార్జింగు సరిగా నున్నది. దీపములన్నియు వేసినను 13.2 కంటె దిగరాదు. ఇంజను ఆపియుండగా వచ్చిన అంకెయే మరల వచ్చుచున్నను, అంతకంటె దిగుచున్నను చార్జింగు లేనట్లే. 15 వోల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినది. అట్టి బండిలో బ్యాటరీ నీరు తరచుగ ఇంకిపోవును, బల్బులు మాటిమాటికి కాలును.

బ్యాటరీ వద్ద తక్కువ వచ్చినచో అదే కొలతను ఆల్టర్నేటరు పెద్ద టెర్మినలు వద్ద తీయవలెను. అచ్చట 14.2 ఉండి, బ్యాటరీ వద్ద 13.2 మాత్రమే వచ్చినచో పంట పండినది గాని గాదెకు చేరలేదు. ఒక వోల్టు త్రోవలో కారిపోవుచున్నది. ఇట్టి సందర్భమున ఆల్టర్నేటరును మార్పించుట ధనమును నీటిపాలు చేయుటయే. రెండు చోట్లను తక్కువైనప్పుడు మాత్రమే యంత్రమును విప్పవలెను.

డైనమో పరీక్ష

డైనమోకు పెద్దది, చిన్నది అని రెండు టెర్మినళ్లు కలవు. పెద్దదానినుండి విద్యుత్తు వెలువడును. చిన్నది ఫీల్డు చుట్టకు చెందినది. రెండు తీగలను విప్పి, రెండు టెర్మినళ్లను ఒక చిన్న తీగతో కలిపి, వాటికిని డైనమో శరీరమునకును నడుమ మీటరు పెట్టవలెను. ఇంజనును నిదానములో స్టార్టు చేసి మెల్లగా వేగము పెంచినచో వోల్టేజి చకచక పెరుగవలెను. 20 వోల్టులు దాటనీయరాదు. ఇట్లు పెరిగినచో డైనమో బాగున్నది, లోపము రెగ్యులేటరు పెట్టెలోనో తీగలలోనో కలదు.

అసలేమియు రానిచో బ్రష్షులను చూడవలెను. అర నుండి ఒక వోల్టు మాత్రమే వచ్చినచో ఫీల్డు చుట్టలోను, నాలుగైదు వోల్టుల వద్ద ఆగినచో ఆర్మేచరులోను లోపమును వెదకవలెను.

బ్రష్షులు అరిగి పొట్టివైనచో మార్చవలెను. బ్రష్షులు రాయు రాగి భాగము నల్లబడినచో పెట్రోలు తడి గుడ్డతో తుడువవలెను. అప్పటికిని పోనిచో మిక్కిలి నునుపైన గాజుకాగితము వాడవచ్చును. ఎమరీ కాగితము వాడరాదు; దాని రవ్వలు రాగి ముక్కల సందులలో చిక్కును. డైనమో వెనుక మూతపై నూనె రంధ్రము ఉన్నచో అప్పుడప్పుడు రెండు మూడు చుక్కల ఇంజను ఆయిలు చాలును. ఎక్కువైనచో అది రాగిపై వ్యాపించి పనిని చెరచును.

ఆల్టర్నేటరు విషయమున రెండు టెర్మినళ్లను కలుపు ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. దానికి మరియొక పరీక్ష కలదు. ఇంజను నడచుచుండగా మీటరును ఏసీ వోల్టుల గుర్తునకు మార్చి బ్యాటరీ వద్ద చూడవలెను. అర వోల్టునకు మించి వచ్చినచో డయోడు చెడినదని అనుమానింపవచ్చును. ఒక డయోడు చెడినను రాబడి తగ్గును. కొన్ని సందర్భములలో రాత్రివేళ బ్యాటరీ దానిగుండ కారిపోవును.

ఆరవ మెట్టు: రాత్రి కారిపోవుట

సాయంకాలము నిండుగానున్న బ్యాటరీ ఉదయమునకు ఖాళీయగుచున్నచో, అన్ని స్విచ్చులు ఆర్పి, తాళము తీసి, ఎర్తు తీగను విప్పి, ఆ తీగకును బ్యాటరీ టెర్మినలునకును నడుమ 12 వోల్టుల చిన్న బల్బును కలుపవలెను. పాత ట్రాక్టరులో బల్బు వెలుగరాదు. వెలిగినచో విద్యుత్తు ఎచటికో పోవుచున్నది. ఒక్కొక్క ఫ్యూజును తీయుచు, కడపట ఆల్టర్నేటరు తీగను విప్పుచు చూచినచో, ఏది విప్పినప్పుడు బల్బు ఆరునో అచ్చటనే దొంగ దాగియున్నాడు. తీగను విప్పిన ప్రతిసారియు దాని కొన ఇనుమునకు తగులకుండ చూచుకొనవలెను.

జమాఖర్చుల లెక్క

అన్ని పరీక్షలలోను బండి నెగ్గినను బ్యాటరీ మరల ఖాళీయగుట కలదు. అప్పుడు యంత్రమును గాక వాడుకను పరీక్షింపవలెను. పంచాయతీ సభ్యులకు జమాఖర్చుల లెక్క క్రొత్త కాదు.

సెల్ఫు ఒక్క మారు తిరుగుటకు 250 ఆంపియర్లు, 5 సెకండ్లు పట్టినదనుకొందము. అది సుమారు 0.35 ఆంపియరు గంటలు. ఇంటింట చెత్త ఎత్తుచు, ఆగిన చోటెల్ల ఇంజను ఆపి, ఒక ఉదయమున 40 మారులు స్టార్టు చేసినచో ఖర్చు 14 ఆంపియరు గంటలు. నడుమ ఇంజను రెండు గంటలు నిదానములో నడచి, గంటకు 5 ఆంపియర్ల చొప్పున బ్యాటరీకి చేరినదనుకొన్నను జమ 10 మాత్రమే. దినమునకు 4 లోటు. 80 ఆంపియరు గంటల బ్యాటరీ పది దినములలో సగము ఖాళీయగును. ఏ భాగమును చెడలేదు. లెక్క మాత్రము తప్పినది. డైనమో బండియైనచో నిదానములో జమయే ఉండదు గనుక లోటు ఇంకను పెద్దది.

దీపముల లెక్కయు నిట్టిదే. 45 వాట్ల పెద్ద దీపములు రెండు, 35 వాట్ల వెనుక పని దీపము ఒకటి, 5 వాట్ల ఎర్ర దీపములు రెండు కలిసి 135 వాట్లు, అనగా సుమారు 11 ఆంపియర్లు. పాత డైనమో పూర్తి వేగమున ఇచ్చునది 20 ఆంపియర్ల ప్రాంతమే. దానిపై పాటల పెట్టె, ఆంప్లిఫయరు, అలంకారపు దీపములు కలిసి మరి 120 వాట్లు చేరినచో ఖర్చు 21 ఆంపియర్లు. ఇక బ్యాటరీకి మిగులునదేమి?

నివారణము సులభము. నిముషములో కదలవలసిన చోట ఇంజను ఆపరాదు. ఎక్కువసేపు నిలువవలసిన చోట మాత్రమే ఆపవలెను. చెత్త కేంద్రమునకు పోవు త్రోవలో అనవసరపు అదనపు దీపములను ఆర్పియుంచవలెను. అప్పటికిని లోటు తీరనిచో వారమున కొక రాత్రి కరెంటు చార్జరుతో నింపవలెను. చార్జింగు బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతు, అనగా 80 ఆంపియరు గంటల బ్యాటరీకి 8 ఆంపియర్లు మించకుండుట మేలు. బ్యాటరీని ఖాళీగా దినముల తరబడి ఉంచినచో పలకలపై సల్ఫేటు గట్టిపడి, దాని శక్తి తిరిగి రాదు. సెలవుల కాలమున బండిని ఊరక నిలిపియుంచువారు దీనిని మరువరాదు.

పంచాయతీ చేయవలసిన పని

బండి పుస్తకములో చార్జింగునకు ఒక పుట కేటాయించి, నెలకు రెండు మారులు ఉదయపు వోల్టేజి, నడచునప్పటి వోల్టేజి, నీటి మట్టము, బెల్టు స్థితి వ్రాయింపవలెను. గడచిన మాసమున 14.1 ఉండి ఈ మాసమున 13.4 వచ్చినచో, సెల్ఫు మూలుగకముందే లోపము పట్టుబడును. మల్టీమీటరు వెల ఒక బ్యాటరీ వెలలో అల్పభాగము.

బ్యాటరీ కొనుటకు తీర్మానము చేయుటకు ముందు, పై పరీక్షల అంకెలను సమావేశమున చదివి వినిపింపవలెను. గ్యారంటీ కార్డుపై కొన్న తేదీ వేయించి భద్రపరుపవలెను. మార్చిన భాగములను బిల్లుతోబాటు తెచ్చి చూపవలెనని మెకానిక్కునకు ముందే చెప్పవలెను. పాత బ్యాటరీలో సీసము, ఆమ్లము ఉండును గావున దానిని చెత్త కుప్పలో పడవేయరాదు, పగులగొట్టరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము అట్టి బ్యాటరీలు అనుమతి పొందిన శుద్ధి కర్మాగారములకు చేరవలసియున్నవి. క్రొత్తది కొన్న దుకాణమున పాతదానిని అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గింపించుకొనుట మంచి పద్ధతి.

డ్రైవరును నిందించుట వలన పని జరుగదు. వాలు మీద బండి నిలుపువాడు సోమరి కాడు; ఉదయమున పని ఆగకూడదని తన చేతనైన ఉపాయము చేసినవాడు. ఆ ఉపాయమునకు ఆవశ్యకత లేకుండ చేయుట పంచాయతీ బాధ్యత. బండి సమతలమున నిలిచి, తాళము త్రిప్పినంతనే ఇంజను పలికి, చీకటి పడగానే ట్రాలీ వెనుక ఎర్రదీపము దూరమునుండి కనబడిన నాడు, ఆ పంచాయతీ ఈ చిన్న విషయమున తన కర్తవ్యము నెరవేర్చినదని చెప్పవచ్చును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన బండికి ఉన్నది డైనమోయా, ఆల్టర్నేటరా? ఎర్తు ఏ టెర్మినలునకు కలదు?

2. గడచిన రెండు సంవత్సరములలో ఎన్ని బ్యాటరీలు కొంటిమి? ప్రతి పర్యాయమును కారణము వ్రాయబడినదా?

3. తాళము త్రిప్పినప్పుడు ఎర్ర దీపము వెలుగుచున్నదా? ఇంజను అందుకొనగానే ఆరుచున్నదా?

4. ఉదయపు చెత్త సేకరణలో సెల్ఫు ఎన్ని మారులు తిరుగుచున్నది?

5. ట్రాలీ వెనుక దీపములు రెండును వెలుగుచున్నవా? చివరి పర్యాయము వానిని ఎవరు, ఎప్పుడు చూచిరి?